రెప్ప వాలింది, కిడ్నీ జారింది: రిపోర్టులో ‘టోసిస్’ అని ఉంటే ఏం చూసుకోవాలి?

అడిగేవాడు

కంటి రిపోర్టులో ‘టోసిస్’ అంటారు. రొమ్ము సర్జరీ నోట్సులో ‘గ్రేడ్ 2 టోసిస్’ అని ఉంటుంది. పొట్ట స్కానింగ్‌లో ‘నెఫ్రోటోసిస్’ కనిపిస్తుంది. ఇవన్నీ ఒకే జబ్బా? ముఖ్యంగా రెప్ప వాలితే ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు నింపాదిగా చూపించుకోవచ్చు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

రెప్పపాటు

ఒకే జబ్బు కాదు, అసలు జబ్బు పేరే కాదు. ఏదైనా భాగం ఉండాల్సిన చోటు కంటే కిందికి దిగిందని చెప్పడమే టోసిస్. ఎందుకు దిగిందో ఆ మాటలో ఉండదు. జ్వరం అన్నట్టే: ఉందని తెలిసింది, కారణం వెతకాలి. పక్కన ఏ అవయవమూ రాయకుండా ఉత్త ‘టోసిస్’ అని రాస్తే మాత్రం డాక్టర్ల వాడుకలో అది పై రెప్పే.

రెప్ప సంగతి అర్థం కావాలంటే మూడు కండరాలు గుర్తుంటే చాలు.

రెప్పను ఎత్తేది లీవేటర్. దీనికి మూడో కపాల నరం ఆదేశాలిస్తుంది. ఎత్తే పనిలో సింహభాగం దీనిదే, కాబట్టి ఇది చచ్చుబడితే రెప్ప పూర్తిగా మూసుకుపోవచ్చు. దీని వెనకే ముల్లర్ అనే సన్నటి కండరం ఉంటుంది. అది మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాల అధీనం, దాని వంతు ఎత్తు 2 మి.మీ. మాత్రమే. అది దెబ్బతిన్నప్పుడు రెప్ప కొద్దిగా వాలుతుందే తప్ప కన్ను మూసుకుపోదు. మూడోది రెప్పను మూసే ఆర్బిక్యులారిస్, ఏడో నరానిది. ముఖ పక్షవాతంలో పోయేది ఇదే. అక్కడ సమస్య కన్ను మూతపడకపోవడం, రెప్ప వాలడం కాదు. ఈ రెండింటినీ కలిపేసి ‘ముఖానికి పక్షవాతం వచ్చి రెప్ప వాలింది’ అని ఫోన్లో చెప్తే వినేవాళ్ళు తప్పుదారి పడతారు.

మామూలుగా పై రెప్ప అంచు నల్లగుడ్డు పైభాగాన్ని 1–2 మి.మీ. కప్పి ఉంటుంది. డాక్టరు టార్చి వేసి, కంటిపాప మీద మెరిసే చుక్కకూ రెప్ప అంచుకూ మధ్య దూరం కొలుస్తారు. 4–5 మి.మీ. ఉంటే మామూలే. 2 లేదా అంతకంటే తక్కువైతే పైచూపుకి అడ్డం వస్తున్నట్టే లెక్క.

దానికంటే ముఖ్యమైన కొలత లీవేటర్ బలం. కనుబొమ్మను బొటనవేలితో నొక్కిపట్టి, కిందికి చూడమని స్కేలు సున్నా దగ్గర పెట్టి, తర్వాత పైకి చూడమంటారు. రెప్ప అంచు ఎన్ని మి.మీ. ప్రయాణించిందో అదే బలం. 12 లేదా అంతకంటే ఎక్కువైతే బాగున్నట్టు, 5–11 ఒక మోస్తరు, 4 లేదా అంతకంటే తక్కువైతే బలహీనం. ఏ ఆపరేషన్ చేయాలన్నది దాదాపు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడుతుంది. కనుబొమ్మ నొక్కిపట్టకుండా కొలిస్తే నుదుటి కండరం సాయం చేసి అంకెను పెంచేస్తుంది. రెండు చోట్ల రెండు రకాల కొలతలు రావడానికి తరచూ ఇదే కారణం.

కొలబద్ద

ఇంట్లో చూసుకోవడానికి ఫోను కెమెరా చాలు, కానీ పద్ధతిగా తీయాలి. ఫోను సరిగ్గా కంటి ఎత్తులో, చేతికందని దూరంలో ఉండాలి. సెల్ఫీ వద్దు: చేయి పైకెత్తి తీస్తే గడ్డం దిగి రెప్ప వాలినట్టు కనిపిస్తుంది, కింద నుంచి తీస్తే దానికి తలకిందులు. లెన్సు వైపే చూడాలి, స్క్రీను వైపు కాదు. ఫ్లాష్ వేస్తే కంటిపాపలో చుక్క పడుతుంది, అదే కొలతకి గుర్తు.

ఫొటోలో మిల్లీమీటర్లు ఎలా అంటారా? పెద్దవాళ్ళలో నల్లగుడ్డు అడ్డం కొలత అందరికీ ఇంచుమించు ఒకటే, 11.5–12 మి.మీ. ఫొటోలో దాని వెడల్పు కొలిచి, ఆ నిష్పత్తిలో చుక్క నుంచి రెప్ప అంచు దాకా లెక్కగట్టండి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పోలికకి పనికొస్తుంది.

తీయాల్సినవి నాలుగు: ఎదురుగా, పైకి చూస్తూ, కిందికి చూస్తూ, కనుబొమ్మను వేలితో కదలకుండా పట్టుకుని ఎదురుగా. ఇవే పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం అలసిపోయాక ఒకసారి. వాటితోపాటు ఐదేళ్ళ, పదేళ్ళ కిందటి ఫొటోలు వెతికి పెట్టుకోండి. ‘నిన్నే వచ్చింది’ అనుకున్నది పాత గుర్తింపు కార్డులోనూ అలాగే ఉండటం మామూలే. డాక్టరుకి ఆ ఒక్క ఫొటోతో సగం అనుమానం తీరిపోతుంది.

నరాలమాట

ఫొటోలు మంచివే, కానీ వాటి కోసం ఆగకూడని సందర్భాలున్నాయి. నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: వాలిన రెప్ప కింద కంటిపాప ఎలా ఉంది?

రెప్పను వేలితో పైకెత్తి చూడండి. కంటిపాప రెండో కంటికంటే పెద్దగా ఉండి వెలుతురుకి ముడుచుకోకపోయినా, గుడ్డు బయటికీ కిందికీ తిరిగి ఉన్నా మూడో నరం దెబ్బతిన్నట్టు. మెదడు కింద పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మీద బుడగలా ఉబ్బిన ఎన్యూరిజం ఆ నరాన్ని నొక్కితే ఇలాగే అవుతుంది. కంటిపాపని నడిపే పోగులు నరం పైపొరలో ఉంటాయి కాబట్టి బయటి నుంచి ఒత్తిడి పడగానే అవే ముందు నలుగుతాయి. తలనొప్పి ఉన్నా లేకపోయినా ఎమర్జెన్సీయే. అదే రోజు రక్తనాళాలు కనిపించేలా సీటీ లేదా ఎమ్మారై యాంజియోగ్రామ్ జరగాలి. డయాబెటిస్, బీపీ ఉన్నవాళ్ళలో నరానికి రక్తం అందక వచ్చే రకంలో ఒత్తిడి ఉండదు. అందుకే కంటిపాప చాలావరకు మామూలుగా ఉంటుంది, సుమారు మూడు నెలల్లో తేరుకుంటుంది. కానీ అది ఇదేనని ఇంట్లో తేల్చుకోకండి, మొదటి రోజుల్లో కంటిపాప బాగుండి తర్వాత మారేవీ ఉన్నాయి.

ఒక చిన్న మెలిక. రెప్ప పూర్తిగా మూసుకుపోతే వస్తువులు రెండుగా కనిపించవు, ఒక కన్నే కదా చూసేది. ‘రెండుగా కనిపిస్తోందా’ అంటే ‘లేదు’ అంటారు. రెప్ప ఎత్తిపట్టుకుని అడగాలి.

కంటిపాప చిన్నదై, రెప్ప 1–2 మి.మీ. వాలితే హార్నర్ సిండ్రోమ్, అంటే ముల్లర్‌ను నడిపే సింపథెటిక్ నరాల దారి దెబ్బతిన్నట్టు. కింది రెప్ప కూడా కాస్త పైకి వచ్చి కన్ను లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. కంటిపాపల తేడా చీకట్లో ఎక్కువ తెలుస్తుంది: గదిలో లైటు ఆర్పాక బాగున్న కన్ను చప్పున విప్పారుతుంది, ఈ కన్ను వెనకబడుతుంది. కొత్తగా వచ్చిన హార్నర్‌తో మెడనొప్పో ముఖంలో నొప్పో ఉంటే మెడలోని కెరోటిడ్ ధమని లోపలి పొర చీలిందేమోనని అదే రోజు చూడాలి, స్ట్రోక్‌కి దారితీస్తుంది. భుజం, చేయి లాగుతుంటే ఊపిరితిత్తి పైకొనలో గడ్డ కోసం వెతుకుతారు.

కంటిపాప మామూలుగా ఉండి, పొద్దున బాగుండి, సాయంత్రానికి రెప్ప దిగుతుంటే, ఒకరోజు కుడి మరోరోజు ఎడమ అవుతుంటే మయస్థీనియా గ్రావిస్, అంటే నరం సంకేతం కండరానికి సరిగ్గా అందని జబ్బు, అనుమానించాలి. ఇందులో కంటిపాప ఎప్పుడూ చెడదు. కన్ను ఆర్పకుండా ఒకటి రెండు నిమిషాలు పైకి చూస్తూ ఉంటే రెప్ప మెల్లగా జారడం ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది. దీనితోపాటు మింగడం కష్టమవడం, మాట ముక్కులోంచి రావడం, పడుకుంటే ఆయాసం మొదలైతే ఆసుపత్రికే.

రెండు రెప్పలూ గంటల్లో వాలిపోయి, బలహీనత మెడకీ చేతులకీ దిగుతుంటే బోట్యులిజం, అంటే ఒక బాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు. నరాల మీద పనిచేసే పాము విషంలోనూ తొలి గుర్తు రెప్పలు వాలడమే. కాటు గుర్తు కనిపించలేదని కొట్టిపారేయకూడదు.

అడిగేవాడు

ఐసు పెడితే తెలిసిపోతుందంటారు, నిజమేనా?

నరాలమాట

కొంతవరకు. ఐసు ముక్కల్ని గ్లవ్‌లోనో పల్చటి బట్టలోనో చుట్టి, మూసిన రెప్ప మీద 2 నిమిషాలు ఉంచి తీయగానే కొలవాలి. 2 మి.మీ. గానీ ఎక్కువ గానీ లేస్తే మయస్థీనియా వైపు మొగ్గు. చల్లదనానికి ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, నరం సంకేతం కండరానికి ఇంకాసేపు నిలుస్తుంది. అరనిమిషం పెట్టి తీసేయడం, తీశాక తీరిగ్గా ఐదు నిమిషాలకి కొలవడం, ఇవి మామూలుగా జరిగే పొరపాట్లు. రెప్ప పూర్తిగా మూసుకుపోయి ఉంటే జబ్బున్నా లేవకపోవచ్చు. లేవలేదు కాబట్టి జబ్బు లేదనడానికి వీల్లేదు.

రక్తంలో ఎసిటైల్ కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీల పరీక్షా అంతే. ఒళ్ళంతా పాకిన మయస్థీనియాలో సుమారు 85 శాతం మందికి పాజిటివ్ వస్తుంది, కళ్ళకే పరిమితమైన దాంట్లో దాదాపు సగం మందికే. నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే కండరం పోగుల విద్యుత్ సంకేతాలు కొలిచే సింగిల్ ఫైబర్ ఈఎంజీ చేస్తారు. ఖాయమైతే ఛాతీలోని థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమో చూడటానికి సీటీ తప్పనిసరి. కళ్ళతో మొదలైనవాళ్ళలో సగానికి పైగా ఒళ్ళంతా పాకుతుంది, చాలావరకు మొదటి రెండేళ్ళలోనే. ఈ జబ్బున్నవాళ్ళు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి, అజిత్రోమైసిన్ జాతి, జెంటామైసిన్ జాతి యాంటీబయాటిక్‌లు, బీటా బ్లాకర్లు, సిరలోకి ఎక్కించే మెగ్నీషియం ఎవరు రాసినా ముందు జబ్బు పేరు చెప్పాలి.

నీలిగన్నేరు

ఇదంతా చదివితే భయమేస్తుంది. వయసు మీద పడితే రెప్పలు వాలడం సహజం కదా? రోజూ పది నిమిషాలు కంటి వ్యాయామం చేస్తే లేస్తాయని వీడియోలున్నాయి.

రెప్పపాటు

వయసుతో వచ్చేదే ఎక్కువ, అది నిజం. వీడియోల మాట నిజం కాదు. వయసు రకంలో లీవేటర్ కండరం బలంగానే ఉంటుంది. కండరాన్ని రెప్పకి అతికించే పల్చటి పట్టీ, అంటే అపోన్యూరోసిస్, సాగిపోతుంది లేదా ఊడుతుంది. లాగేవాడు బాగానే ఉన్నాడు, తాడు వదులైంది. లాగేవాడికి కసరత్తు నేర్పితే లాభమేముంది?

గుర్తుపట్టడం తేలిక. రెప్ప మీది మడత పైకి జరుగుతుంది, లీవేటర్ కొలత 12 దగ్గర్లోనే ఉంటుంది, చదివేటప్పుడు కిందికి చూస్తే ఇంకా దిగుతుంది. ఏళ్ళ తరబడి కాంటాక్ట్ లెన్సులు, ముఖ్యంగా గట్టి రకం, వాడినవాళ్ళకి చిన్న వయసులోనే వస్తుంది. లెన్సు తీసేటప్పుడు రెప్పను పక్కకి లాగడం, కళ్ళు గట్టిగా నలుపుకోవడం దీనికి దోహదం. శుక్లం ఆపరేషన్ తర్వాతా కొందరిలో కనిపిస్తుంది. లెన్సులు వాడేవాళ్ళకి ఉన్నట్టుండి ఒక రెప్ప వాలితే, పోయిందనుకున్న లెన్సు పై రెప్ప లోపల ఇరుక్కుందేమో రెప్ప తిరగేసి చూడాలి.

టోసిస్ అనిపించి కానివి కూడా ఉన్నాయి. రెప్ప మీది చర్మం వదులై అంచు మీద పడుతుంటే అది చర్మం సమస్య: ఇయర్‌బడ్‌తో చర్మాన్ని పైకెత్తితే కింద రెప్ప అంచు సరైన చోటే ఉంటుంది. కనుబొమ్మే దిగి ఉండొచ్చు. లేదా థైరాయిడ్ వల్ల ఒక కంటి రెప్ప పైకి పోయి, బాగున్న కన్నే వాలినట్టు కనిపించొచ్చు! ఏ కన్ను తేడాగా ఉందో తేల్చుకోకుండా ఆపరేషన్‌కి వెళ్తే బాగున్నదాన్ని కోయించుకున్నట్టే.

ఆక్సిమెటజోలిన్ 0.1 శాతం చుక్కల మందు ఒకటి ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అనుమతించింది. రోజుకొక చుక్క, ముల్లర్ కండరాన్ని బిగించి మిల్లీమీటరు దాకా లేపుతుంది, కొన్ని గంటలే. ముక్కులో వేసే ఆక్సిమెటజోలిన్ కంట్లో వేసుకోకూడదు, సాంద్రతా వేరు, కలిపే పదార్థాలూ వేరు. నుదుటికి బోటాక్స్ చేయించుకున్నాక రెప్ప వాలితే ఈ తరహా చుక్కలతో నెట్టుకొస్తారు. అది కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

బుడిబుడి

పిల్లల గురించి ఎవరూ రాయలేదు. పుట్టుకతో వచ్చే టోసిస్‌లో లీవేటర్ కండరం సరిగ్గా తయారవదు, నార కట్టి ఉంటుంది. నార సాగదు కాబట్టి కిందికి చూసినప్పుడు ఆ రెప్ప రెండోదానికంటే *పైనే* ఆగిపోతుంది. పైన చెప్పిన వయసు రకానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఇక్కడ భయం అందం గురించి కాదు. రెప్ప కంటిపాపకి అడ్డమైతే, లేదా నల్లగుడ్డును నొక్కి సిలిండర్ పవర్ తెప్పిస్తే, ఆ కంటి చూపు మెదడులో ఎదగదు. ఆంబ్లియోపియా అంటారు. బిడ్డ గడ్డం పైకెత్తి చూస్తుంటే తంటాలు పడైనా రెండు కళ్ళూ వాడుకుంటోందని, ఒక రకంగా మంచిదే. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, బిడ్డ తలెత్తే ప్రయత్నమే చేయకపోతే ఆ కన్ను వదిలేసిందేమోనని కంగారు పడాలి. కంటిపాప మూసుకుపోతే ఆపరేషన్ నెలల వయసులోనే. చూపుకి అడ్డం లేకపోతే కొలతలు నికరంగా తెలిసే 3–5 ఏళ్ళ దాకా ఆగుతారు, ఈలోగా కళ్ళజోడు, అవసరమైతే బాగున్న కంటికి పట్టీ. ఆపరేషన్‌తో రెప్ప లేస్తుందే గానీ ఆంబ్లియోపియా పోదు, పట్టీ కొనసాగించాలి.

పాలు తాగేటప్పుడో నమిలేటప్పుడో రెప్ప టపటప లేస్తే కంగారు పడకండి. 1883లో మార్కస్ గన్ వర్ణించిన స్థితి అది: దవడ నరం తీగ ఒకటి దారితప్పి లీవేటర్‌లో కలుస్తుంది.

పసివాళ్ళలో హార్నర్ తేల్చడానికి అప్రాక్లోనిడిన్ చుక్కలు వేయకూడదు, మత్తుగా పడిపోయి ఊపిరి నెమ్మదించే ప్రమాదం ఉంది.

కుట్టుసూది

ఆపరేషన్ ఎంపిక, పైన రాసిన లీవేటర్ అంకె ప్రకారం: బలం బాగుండి, ముల్లర్‌ను బిగించే ఫినైలెఫ్రిన్ 2.5 శాతం చుక్క వేసిన 5–10 నిమిషాలకి రెప్ప లేస్తే, లోపలి వైపు నుంచి ముల్లర్ కండరం కొంత కత్తిరిస్తే సరిపోతుంది, బయట మచ్చ ఉండదు. బలం ఉన్నా లేవకపోతే మడతలో కోసి అపోన్యూరోసిస్‌ను ముందుకు లాగి కుడతాం. ఒక మోస్తరు బలానికి లీవేటర్‌ను పొట్టి చేస్తాం. 4 లేదా లోపు అయితే కండరాన్ని ఎంత లాగినా దండగే. రెప్పను నుదుటి కండరానికి సిలికాన్ దారంతోనో తొడ నుంచి తీసిన పట్టీతోనో వేలాడదీస్తాం.

పెద్దవాళ్ళకి స్థానిక మత్తులోనే చేయడానికి కారణముంది: మధ్యలో లేపి కూర్చోబెట్టి, కళ్ళు తెరవమని ఎత్తు సరిచేయొచ్చు. మత్తుమందులోని అడ్రినలిన్ ముల్లర్‌ను బిగిస్తుంది కాబట్టి టేబుల్ మీద రెప్ప ఉండాల్సినదానికంటే కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. అది లెక్కలో వేసుకోకపోతే వారం తర్వాత మళ్ళీ వాలుతుంది.

ముందే తేల్చుకోవాల్సింది, కన్ను పొడిబారడం ఎంత? మూసినప్పుడు గుడ్డు పైకి తిరుగుతుందా? తిరగకపోతే, ఆపరేషన్ తర్వాత నిద్రలో రెప్ప ఓరగా తెరుచుకుని నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. అలాంటివాళ్ళకి కావాలనే కాస్త తక్కువ ఎత్తుతాం. రాత్రిపూట ఆయింట్‌మెంట్ మానొద్దు అని చెప్పేది అందుకే.

రొమ్ము సంగతి. రెనో గ్రేడింగ్‌లో చనుమొన, రొమ్ము కింది మడతతో సమానంగా ఉంటే గ్రేడ్ 1. మడతకి దిగువన, కానీ రొమ్ము అట్టడుగుకి పైన ఉంటే 2. అట్టడుగున నేలచూపు చూస్తుంటే 3. మొన మడతకి పైనే ఉండి కింది భాగం ఒక్కటే దిగితే దాన్ని సూడోటోసిస్ అంటారు. వయసు, ఎక్కువ బరువు, గర్భాల సంఖ్య, పొగతాగడం దీనికి కారణాలు. పాలివ్వడం వల్ల జారుతుందన్న మాట పరిశోధనల్లో నిలబడలేదు. ఛాతీ కండరం రొమ్ము వెనక ఉంటుంది, దాన్ని ఎంత పెంచినా చర్మం బిగవదు. ఒక్క వైపే కొత్తగా ఆకారం మారినా, చర్మం సొట్టపడినా, మొన లోపలికి లాగినా దాన్ని జారడం కింద జమకట్టొద్దు, క్యాన్సర్ కోసం చూడాలి.

స్కాన్‌గది

కిడ్నీ: పడుకున్నప్పటి కంటే నిలబడ్డప్పుడు 5 సెం.మీ. పైగా, లేదా రెండు వెన్నుపూసల ఎత్తుకి మించి దిగితే నెఫ్రోటోసిస్. సన్నటి స్త్రీలలో, కుడి వైపు ఎక్కువ. పడుకోబెట్టి మాత్రమే చేసిన స్కానింగ్‌లో ఇది అసలు దొరకదు. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు, ఏ వైద్యమూ అక్కర్లేదు. 1881లో తొలి నెఫ్రోపెక్సీ, అంటే కిడ్నీని పైకి కుట్టే ఆపరేషన్, జరిగాక ఒక తరం పాటు సర్జన్లు దొరికిన ప్రతి కిడ్నీనీ కుట్టేశారు, నొప్పులు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు నిలబడితే నొప్పి, పడుకుంటే తగ్గుదల ఉండి, కూర్చోబెట్టి చేసిన రీనోగ్రామ్ (కిడ్నీ పనితీరు చూపే స్కాన్)లో మూత్రం దిగడం ఆగుతోందని రుజువైతేనే లాప్రోస్కోపీతో పైకి కుడతారు.

బేరియం ఎక్స్‌రేలో ‘గ్యాస్ట్రోటోసిస్’ అని కనిపిస్తే మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. పొడుగ్గా సన్నగా ఉండేవాళ్ళ కడుపు నిలబడ్డప్పుడు పొత్తికడుపు దాకా వేలాడుతుంది, అది వాళ్ళ నిర్మాణం. 1885లో గ్లెనార్ అనే ఫ్రెంచి డాక్టరు ప్రతి అజీర్తినీ అవయవాలు జారడానికే ముడిపెట్టాడు, ఆ సిద్ధాంతం నిలవలేదు.

నీలిగన్నేరు

గర్భసంచి జారడం కూడా ఇందులోకే వస్తుందా? పాదం వేలాడటం?

కుట్టుసూది

గర్భసంచిది ప్రొలాప్స్ అంటారు, కొలిచే పద్ధతి వేరు. మొదటి రెండు దశల్లో వ్యాయామానికి నిజంగానే ఫలితముంటుంది, ఎందుకంటే అక్కడ పట్టి ఉంచేవాటిలో కండరమూ ఉంది: కటి అడుగు కండరాలను 8–12 సార్లు బిగించి, ఒక్కోసారి 6–8 సెకన్లు ఆపి, రోజుకి మూడు విడతలు, కనీసం 16 వారాలు. ఊపిరి బిగబట్టి కిందికి ముక్కితే జరిగేది కీడే. మూత్రం రాకపోయినా రక్తం కనిపించినా వెంటనే చూపించాలి. పాదం వేలాడటం నరం పని, నరాలమాట గారు చెప్పాలి.

నరాలమాట

మోకాలి బయటి వైపు పెరోనియల్ నరం నలిగితే పాదం పైకి లేవదు, కానీ లోపలికి తిప్పగలరు. లోపలికి కూడా తిప్పలేకపోతే నడుములో ఐదో నరం మూలాన్ని అనుమానించాలి. దాంతోపాటు కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం పట్టుతప్పడం ఉంటే అదే రోజు ఎమ్మారై.

అడిగేవాడు

చివరిగా ఒకటి. ఒక కంటికి చేస్తే రెండో రెప్ప వాలుతుందంటారు. నిజమా?

కుట్టుసూది

నిజమే, ముందే పట్టుకోవచ్చు కూడా. మెదడు రెండు లీవేటర్లకీ సమానంగా సంకేతం పంపుతుంది. ఒకటి వాలితే దాన్ని లేపడానికి పెంచిన సంకేతం రెండోదానికీ అంది, దాని వాలుదలని దాచేస్తుంది. ఎక్కువగా వాలిన రెప్పను వేలితో సరైన ఎత్తుకి లేపి పట్టుకుని, పావు నిమిషం పాటు రెండో కన్ను గమనించండి. అది దిగితే రెండింటికీ ఒకేసారి చేయించుకోవడం గురించి ఆపరేషన్ రోజు కంటే ముందే మాట్లాడుకోండి.